హద్దు మీది పైన్ చెట్టు

మా ఊరి అడవిలో ఏ చెట్టు పడాలన్నా ముందు నా సుత్తి దెబ్బ తినాలి. మొదలు దగ్గర బెరడు చెక్కి, ఊరి ముద్ర ఉన్న సుత్తితో ఒక్కటి వేస్తేనే రంపం కదులుతుంది. మెక్సికోలోని ఈ ఓహాకా కొండల్లో అంత నమ్మకం చర్చి ఫాదరుకి కూడా దొరకదు. దాన్ని నేనెలా తగలేశానో చెబుతాను.

పద్దెనిమిదేళ్ల కిందట, మంటల్లో కాలిపోయిన వాలు మీద ఊరంతా కూలి లేకుండా కలిసి పైన్ మొక్కలు నాటింది. నా భార్య యుఫేమియా రెండు ఎండాకాలాలు వాటికి నీళ్లు మోసింది. వాలు పైన, అవతలి ఊరికీ మాకూ హద్దుగా ఒక ముసలి పైన్ ఉంది. మా అన్న ఫిదెన్సియో ఆ హద్దు గొడవలోనే, దాని కిందే కత్తిపోటుకు చచ్చాడు.

మొక్కలు నడుమెత్తు వచ్చేసరికి ఆ ముసలి చెట్టుకు, కొమ్మల రసం పీల్చి బతికే బదనిక పట్టింది. కొమ్మలు ఉబ్బి, చీపురుకట్టల్లాంటి గుత్తులు వేశాయి. బదనిక కాయ పండితే పేలుతుంది. జిగురు గింజ గజాల దూరం ఎగిరి, తగిలిన కొమ్మకే అతుక్కుని లోపలికి వేరు దించుతుంది.

“ఆ పెద్దదాన్ని కొట్టెయ్యండి. లేకపోతే కింద పిల్లచెట్లు మిగలవు,” అన్నాడు అడవి ఇంజనీరు ఊరి సభలో.

నేనే లేచాను. “హద్దు చెట్టు కొడితే రేపు వాళ్లొచ్చి మన వంటింట్లో గీత గీస్తారు! మా అన్న నెత్తురు పడ్డ చెట్టది. నా సుత్తి దాని మీద పడదు!”

చప్పట్లు మోగాయి. నాకు చాలా బాగుంది.

ఇంట్లో యుఫేమియా టోర్టియా రొట్టెను పెనం మీదకి విసిరికొట్టింది. “ఏవయ్యా, పోయినోడి పౌరుషం కోసం బతికున్నవాటిని చంపుతావా?”

“హద్దు సంగతి నీకేం తెలుసే?”

“నీళ్లు మోసినదాన్ని. చెట్టు సంగతి తెలుసు.”

మూడు నాలుగేళ్లు ఏమీ కనపడలేదు. మీసం మెలేసుకుని తిరిగాను. తరవాత పిల్లచెట్ల కొమ్మలు ఉబ్బాయి, కాండాలు వంకర్లు తిరిగాయి, తలలు ఎండాయి. ఇప్పుడవి చెక్కపలకకు కూడా పనికిరావు. అన్నీ నరికెయ్యాలని సభ తేల్చింది.

మూడు రోజులుగా ఒక్కొక్కదానికీ సుత్తి వేస్తున్నాను. యుఫేమియా ముందు నడుస్తూ బెరడు చెక్కుతోంది. నాతో మాట్లాడటం లేదు.

ఇవాళ అవతలి ఊరి పెద్ద క్రెసెన్సియో గట్టెక్కి వచ్చి, టోపీ తీశాడు. “అబుందియో అన్నా, మావైపు చెట్లూ పోయాయి.”

“మరి ముసలిదాన్ని కొట్టమని ఒక్క ముక్క అడగలేదేం?”

“ఏ మొహంతో అడుగుతాం? మీ అన్న పోయింది మా చేతుల్లో. మళ్లీ అక్కడికే గొడ్డలి పట్టుకుని ఎట్లా వస్తాం? మీరే కొడతారని పదిహేనేళ్లుగా చూస్తున్నాం.”

వాళ్లు తిట్టినా బాగుండేది. మా అన్నకి మర్యాద ఇచ్చి కూర్చున్నారు, నేనూ అదే ఇచ్చాను, రెండు ఊళ్ల అడవీ పోయింది.

యుఫేమియా అంతా విన్నది. పక్క చెట్టు బెరడు చెక్కి, నేను వచ్చి కొట్టేదాకా అక్కడే నిలబడింది.