లూథర్ పాటలో తుపాకీ

పాట ఇస్తానన్నాడు తాతయ్య, ఒక్క షరతు మీద. లూథర్ పాటలో తుపాకీ పేలకూడదు.

ఆ మాట విని, నాష్‌విల్ నుంచి మా టెక్సస్ పల్లె దాకా వచ్చిన నిర్మాత హాల్‌స్టెడ్ గారు కాఫీ కప్పు కింద పెట్టేశారు. ఆయన తీస్తున్న రికార్డు పేరే ‘పన్నెండు తూటాలు’. పన్నెండు పాటల్లో ఒకే కౌబాయ్ కథ. మొదటి పాటలో పుడతాడు. రెండో పాటకి అనాథ. నాలుగో పాట ముగిసేసరికి పదకొండు మందిని చంపేసి, అయిదో పాటలో వాళ్ళలో ఒకడి చెల్లెల్ని ప్రేమిస్తాడు. ఇంత పని మధ్య ఆవుల్ని ఎప్పుడు కాశాడో ఏ పాటలోనూ లేదు.

“పెద్దాయనా, ఇది ఆఖరి పాటండీ. హీరో చావాలి. తుపాకీ లేకుండా చస్తే జనం నమ్మరు,” అన్నారాయన.

“నాతో మంద తోలిన లూథర్ని ఎవరూ కాల్చలేదు నాయనా,” అన్నాడు తాతయ్య. “మందని మోంటానాకి తోలుకెళ్తున్నాం. చీకట్లో ఎవడో తడిసిన రెయిన్‌కోటు గట్టిగా దులిపాడు. ఆ చప్పుడికి రెండు వేల పశువులు ఒక్కసారే లేచి పరిగెత్తాయి. లూథర్ గుర్రం కాలు బొరియలో దిగబడింది. అంతే.”

“రెయిన్‌కోటా?” హాల్‌స్టెడ్ గారి ముఖంలో నిజమైన దుఃఖం కనిపించింది. “రెయిన్‌కోటు మీద పాట ఎవరు కొంటారండీ?”

ఆ పాట అసలు మనుషులు కొనడానికి కట్టింది కాదు. మంద చుట్టూ కాపలా తిరిగేవాడు గుర్రం నడకకి తగ్గట్టు నెమ్మదిగా పాడుతూ ఉండాలి. మనిషి ఎక్కడున్నాడో గొంతు వల్ల తెలుస్తూ ఉంటే పశువులు బెదరవు. వినేవాళ్ళకి నిద్ర వస్తే పాట బాగున్నట్టు. రికార్డులు అమ్మేవాళ్ళకి ఇంతకంటే చెడ్డ పాట ఉండదు.

చివరికి హాల్‌స్టెడ్ గారు గుండె మీద చెయ్యి వేసుకుని మాట ఇచ్చారు. చెయ్యి కుడివైపు వేసుకున్నారు. తాతయ్య గమనించలేదు. నేను గమనించాను గానీ ఊరుకున్నాను.

వారం తర్వాత గాయకుడు డస్టీ కాల్హూన్‌ని వెంటబెట్టుకొచ్చారు. డస్టీ తండ్రికి సిన్సినాటిలో చెప్పుల దుకాణం. పుట్టినప్పుడు పెట్టిన పేరు నార్మన్. లోపలికి వస్తూనే కొత్త టోపీ తీసి తాతయ్య మంచం మీద పెట్టాడు. మా ఇళ్ళల్లో పసిపిల్లలు కూడా మంచం మీద టోపీ పెట్టరు, చావు కబురు వస్తుందని భయం. తాతయ్య దాన్ని తీసి మేకుకి తగిలించాడు.

“కుట్టు బాగుంది కదా తాతా?” అన్నాడు డస్టీ గర్వంగా.

“బాగుంది బాబూ. ఇంకా ఎండ చూసినట్టు లేదు,” అన్నాడు తాతయ్య.

పాటలో అసలైన బయలు గాలి వినిపించాలట. అందుకని టేపు రికార్డరు ట్రక్కు మీద పెట్టుకుని పక్కవాళ్ళ బీడుకి వెళ్ళాం. అక్కడ మూడు వందల ఎద్దులు మేస్తున్నాయి. ముందు రికార్డు అట్ట మీదికి ఫోటో తియ్యాలి. డస్టీ గుర్రం ఎక్కడానికి కుడివైపు వెళ్ళి నిలబడ్డాడు. మా ముసలి గుర్రం డైసీ తల తిప్పి చాలాసేపు చూసింది. అందరూ ఎక్కే ఎడమవైపుకి తీసుకొచ్చి, కళ్ళెం పట్టుకుని, నేనే ఎక్కించాను.

అతని నడుముకి పిస్తోలు ఉంది.

“అది దేనికండీ?” అని అడిగాను.

“ఫోటో కోసం వెర్నా,” అన్నారు హాల్‌స్టెడ్ గారు. “ఒట్టి ఫోటో కోసమే.”

ఫోటో అయ్యాక డస్టీ దిగి, ట్రక్కు పక్కన గిటారు పట్టుకుని మొదటి చరణం అందుకున్నాడు. ఉన్నమాట చెప్పాలి, బాగానే పాడాడు. ఎద్దులు చెవులు ఆడించి మళ్ళీ గడ్డిలో మూతులు పెట్టాయి. తాతయ్య కళ్ళు మూసుకున్నాడు. చరణం చివర హాల్‌స్టెడ్ గారు తల ఊపారు. డస్టీ పిస్తోలు తీసి రెండుసార్లు పేల్చాడు.

తూటాల్లో గుండు లేదనీ, ఒట్టి మందుపొడే ఉందనీ మాకు తెలుసు. ఎద్దులకి ఎవరూ చెప్పలేదు.

నేల అదిరింది. మంద కంచె దాకా పరిగెత్తి, అక్కడ దారి లేక వెనక్కి మళ్ళి, ట్రక్కు చుట్టూ సుడి తిరగడం మొదలుపెట్టింది. పదకొండు మందిని చంపిన వీరుడు గిటారు వదిలేసి ట్రక్కు కప్పు మీదికి ఎగబాకాడు. అక్కడ నిర్మాత గారు అప్పటికే ఉన్నారు.

నేను డైసీని పట్టుకుని తాతయ్యతో కంచె ఇవతల ఉన్నాను. ఆయనకి ఎనభై మూడేళ్ళు. గుర్రం ఎక్కి రెండేళ్ళయింది.

“వద్దు తాతయ్యా,” అన్నాను.

“కాలు పట్టు,” అన్నాడు.

పట్టి గుర్రం ఎక్కించాను, గేటు తీశాను. డైసీ మామూలు నడకతోనే మంద అంచుకి వెళ్ళింది. దుమ్ములోంచి తాతయ్య గొంతు వినపడింది. లూథర్ పాట, మొదటి నుంచి, ఏ తొందరా లేకుండా.

“ఇంకా గట్టిగా పాడండి పెద్దాయనా!” కప్పు మీంచి అరిచారు హాల్‌స్టెడ్ గారు.

తాతయ్య అదే రాగంలో, గొంతు పెంచకుండా, “నువ్వు నోరు మూసుకుంటే చాలు నాయనా,” అని పాడేసి తర్వాతి చరణంలోకి వెళ్ళాడు.

నాలుగో చుట్టుకి మంద నడకలోకి దిగింది. ఆరో చుట్టుకి నిలబడిపోయింది. డస్టీ వదిలేసిన గిటారుకి తీగలు మాత్రమే మిగిలాయి. టేపు ఇంకా తిరుగుతూనే ఉంది.

ఇంటికొచ్చాక తాతయ్య బూట్లు లాగుతున్నాను.

“ఆ రెయిన్‌కోటు దులిపింది నేనే వెర్నా,” అన్నాడు. “పదిహేడేళ్ళు నాకు. తడిసిందని దులిపాను.”

రెండో బూటు మెల్లిగా లాగి, మొదటి దాని పక్కన పెట్టాను.

శరదృతువులో రికార్డు వచ్చింది. అట్ట మీద డస్టీ గుర్రం ఎక్కి దిక్కులు ఏలుతున్నాడు. ఒక మూల కళ్ళెం పట్టుకున్న నా మణికట్టు చెరపడం మరిచిపోయారు. పన్నెండో పాటలో డస్టీ పాడింది ఒక్క చరణం, తర్వాత రెండు పేలుళ్ళు, గిట్టల హోరు, ఆ తర్వాత చివరి దాకా తాతయ్య గొంతు. వెనక చిన్న అక్షరాల్లో ‘వింత శబ్దాలు: స్థానికులు’ అని వేశారు. ఇచ్చిన మాట ఊసు ఎక్కడా లేదు.

ఇంట్లో రికార్డు పెట్టి వింటుంటే, తుపాకీ మోగగానే తాతయ్య కుర్చీ చేతులు బిగించి పట్టుకున్నాడు. పాట అయ్యేదాకా వదల్లేదు.

“ఈసారి అది దాటాక పెట్టమ్మా,” అన్నాడు.

మోత ఉన్నచోట రికార్డు మీద గీతలు ఎడంగా ఉంటాయి. అది దాటగానే సన్నబడి ఒకదానికొకటి దగ్గరకి వస్తాయి. ముల్లు సరిగ్గా అక్కడ దించాను. మూడో చరణానికి తాతయ్య నిద్రపోయాడు.