కొండి తీసిన తేనెటీగ

శుభవార్త వచ్చే వేళకి ఆమె చేతులు రెండూ మోచేతుల దాకా తేనె. ఫోను కిటికీ గట్టు మీద గింగిరాలు తిరుగుతూ మోగుతోంది. ముట్టుకుంటే ఫోను పాడవుతుంది, ముట్టుకోకుండా మనసాగదు. అటూ ఇటూ చూసి, వంగి, ముక్కుతో స్పీకరు నొక్కింది.

"రాణి ఈగలు బయటికొచ్చేశాయి!" అన్నాడు భర్త, హలో కూడా అనకుండా. "కొత్త పెట్టెలన్నిట్లోనూ! ఒక్కొక్కటీ ఎంత చక్కగా ఉందనుకున్నావు? ఇంక వాటి పెళ్ళొక్కటే మిగిలింది. అదయ్యి, గుడ్లు పెట్టడం మొదలెట్టాయంటే చాలు, పెట్టెలు లారీకెత్తించి ఇంటికొచ్చేస్తా."

డ్రమ్ము పక్కన స్టూలు మీద కూర్చుని సీసాలకి మూతలు బిగిస్తున్న అత్తగారు తలెత్తలేదు గానీ, మూత తిప్పే చెయ్యి మాత్రం ఆగింది.

"అంటే ఎప్పుడండీ?" అంది ఆమె, సంతోషం గొంతులో బయటపడకుండా. పడనే పడింది.

"ఎండ బాగా కాస్తే ఎన్నాళ్ళో పట్టదు. మధ్యాహ్నం వేళ రాణి పైకెగిరి, పోతుటీగలతో తిరిగి, మళ్ళీ గూటికి రావాలి. ఆ తర్వాత ఇంక గుమ్మం దాటదు. కూర్చున్న చోటికే తిండి, చుట్టూ పరివారం. నీకు కావాలా ఆ యోగం?"

"నాకొద్దు బాబూ. నాకు గుమ్మం బయటే బాగుంటుంది."

అత్తగారు గట్టిగా దగ్గారు. అది దగ్గు కాదని ఆ గదిలో ఇద్దరికీ తెలుసు.

వాళ్ళది తేనెటీగలు పెంచే ఇల్లు. పూలెక్కడుంటే పెట్టెలక్కడికి, పెట్టెలెక్కడుంటే మగవాళ్ళక్కడికి. మామగారి కాళ్ళనొప్పుల తర్వాత ఆ తిరుగుడంతా ఆమె భర్త మీద పడింది. పెళ్ళయిన వారానికే పొద్దుతిరుగుడు చేలు విచ్చుకున్నాయని కబురొచ్చింది. కొత్త పెళ్ళికొడుకులంటే పూలకి జాలి ఉండదు కదా. నేనూ వస్తానని ఆమె వెంటపడింది. కానీ అంతకుముందే ఒకసారి పెరట్లో పెట్టె తెరిచి చూపిస్తుంటే ఒక ఈగ ఆమె కనురెప్ప మీద కుట్టింది. అది తగ్గేదాకా ఒంటికన్నుతోనే కాపురం చేసింది. "ఇక్కడ ఒక్క ఈగకే ఇలా అయితే అక్కడ లక్షలుంటాయి, నువ్వొద్దులే" అని బుజ్జగించి వెళ్ళిపోయాడు.

వెళ్ళాక అక్కణ్ణించి తేనె డబ్బాలు వస్తూనే ఉన్నాయి. అతను మాత్రం రాలేదు. డబ్బా మూత తియ్యగానే గది నిండా ఎండ వాసన. గుడ్డలో వడకట్టి సీసాలో పోస్తే పసుపు దారం పురి విప్పుకున్నట్టు దిగేది. ఎవరూ చూడకుండా చిటికెనవేలితో రుచి చూసేది ఆమె. అతను నిలబడ్డ చేను ఇది, అతని చొక్కాకంటిన పుప్పొడి ఇది అనుకునేది. తియ్యగానే ఉండేది. గొంతు దిగాక ఎందుకో కాస్త మండేది.

శుభవార్త వచ్చిన సాయంత్రం ఆమె దుప్పట్లు ఉతికింది, మంచం కిటికీ దగ్గరికి జరిపింది. మళ్ళీ చూసుకుంటే అక్కడ ఎండ పడుతుందనిపించి వెనక్కి జరిపింది. కింద గదిలో ఆడబిడ్డ పైకప్పుకేసి చూస్తూ, "అమ్మా, వదిన పైన సామాను సర్దుతోందా, భరతనాట్యం నేర్చుకుంటోందా?" అంది. నింపిన సీసాలని చిన్న వ్యానులో కొట్లకి చేర్చేది ఆ పిల్లే. నోరు వ్యాను హారన్ కంటే పెద్దది.

రెండ్రోజులు గడిచాయో లేదో మళ్ళీ ఫోను. ఈసారి గొంతులో ఆ ఉత్సాహం లేదు.

"పసరికలు దిగాయి" అన్నాడు.

ఆమె చేతిలోంచి గరాటు జారి కింద పడింది. "పసరికలా! ఎక్కడ? టెంట్లోనా?"

"టెంట్లోకెందుకొస్తాయి? తీగల మీద కూర్చున్నాయి. ఒకటా రెండా, గుంపంతా వచ్చింది."

"తీగల మీదా! నువ్వు మంచం దిగకు! కాళ్ళు కిందపెట్టకు! కర్రేమైనా ఉందా దగ్గర?"

"కర్రెందుకు? చప్పట్లు కొడితే లేచిపోతాయి."

"చప్పట్లకి పోతాయా? నీకేమైనా మతి పోయిందా? సూటిగా కళ్ళల్లో పొడుస్తాయి!"

"పిట్టలే..." అన్నాడు మెల్లిగా. "పిట్టలు కళ్ళల్లో పొడవడమేంటి?"

ఆమె పుట్టింట్లో పసరిక అంటే పచ్చగా తీగలా వేలాడే పాము. ఈ ఇంట్లో పసరిక అంటే తేనెటీగల్ని తినే పచ్చపిట్ట. రెంటికీ ఆకుపసరు రంగు వల్లే ఆ పేరొచ్చింది. చదివిన డిగ్రీలో ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. ఆడబిడ్డ అట్టపెట్టెల మీద కూలబడి, కడుపు పట్టుకుని నవ్వింది. "పాములనుకుందే! అన్నయ్యని మంచమెక్కించిందే!"

"అది సరే" అన్నారు అత్తగారు నింపాదిగా. "ఇన్నాళ్ళూ నా ముందు 'అండీ, అండీ' అంటుంటే పిల్ల గొంతుకేదో అడ్డం పడిందనుకున్నా. ఇవాళ్టికి సాఫుగా పలికింది."

ఆమె పమిటతో మొహం కప్పుకుని, ఫోనుతో సహా మేడ మీదికి పరిగెత్తింది.

మేడ మీదికి వెళ్ళాక అతను ఫోనులో మిగతాది చెప్పాడు. మామూలు ఈగల్ని ఆ పిట్టలు నాలుగు తిన్నా పెట్టెకి లెక్కలోకి రాదు. రాణి సంగతి వేరు. పెట్టెకి ఒక్కటే రాణి. పెళ్ళికి గాల్లోకి లేచినప్పుడు దాన్ని ఏ పిట్టో పట్టుకుపోయిందంటే ఆ పెట్టె అనాథ. పిట్టలు కాచుకునున్నప్పుడు ఈగలు కూడా బెదిరి గుమ్మంలోనే ముసురుకుంటాయి. అందుకని ఎండెక్కినప్పట్నించి పొద్దు వాలేదాకా అతను వాటిని అదిలిస్తూ తిరగాలి. రాణులన్నీ క్షేమంగా గూటికి చేరేదాకా పెట్టెలు కదపడానికి లేదు.

"అంటే ఎన్నాళ్ళు?"

"ఎండా, పిట్టలూ కలిసి చెప్పాలి."

ఆమెకి ఏడుపొచ్చింది. పాము కాటేస్తుందన్న భయం ఇంతకంటే సుఖంగా ఉంది.

ఆ మర్నాడే ఆమె వాటిని చూసింది. సీసాల గది కిటికీకి ఎదురుగా ఎవరో ఇల్లు కట్టబోయి ఆపేసిన స్థలం ఉంది. అక్కడొక ఇసుక దిబ్బ, దాని పైన కరెంటు తీగ. తీగ మీద పచ్చటి పిట్టలు రెండు. గుప్పెట్లో పట్టేంత ఒళ్ళు, కాస్త వంగిన సన్నటి ముక్కు, కళ్ళ పక్కకి చెదిరిన కాటుక గీత, తోక చివర సూదుల్లా సాగిన ఈకలు. ఇవేనా మా ఆయన్ని ఆపేసినవి, అని కళ్ళెర్ర చేసి చూసింది. చూస్తూ చూస్తూ ఎర్ర చెయ్యడం మర్చిపోయింది.

ఒకటి తటాలున తీగ వదిలి, గాల్లో గుండ్రంగా తిరిగి, అదే చోటికి వచ్చి వాలింది. ముక్కులో తేనెటీగ. దాన్ని తీగకేసి ఇటో దెబ్బ, అటో దెబ్బ కొట్టింది. అంతటితో మింగెయ్యలేదు. ఈగ తోక భాగాన్ని తీగ మీద పెట్టి, మామిడిపండు పిసికినట్టు ఒత్తి ఒత్తి రాసింది. కొండీ విషమూ పోయేదాకా అదే పని. ఆ తర్వాత తీగ మీద పక్కపక్కకి జరుగుతూ వెళ్ళి, శుభ్రం చేసిన ఈగని రెండోదాని నోట్లో పెట్టింది. ఆవిడ అందుకుని, మింగి, ఇంకా లేదా అన్నట్టు చూసింది.

"అత్తయ్యా, చూడండి చూడండి! పెళ్ళానికి పెడుతోంది!"

"పెట్టదూ మరి? పెళ్ళి కుదిరే రోజులు. తూనీగ దొరికితే ఊరికే బాది పెట్టేస్తుంది. ఈగైతేనే ఆ రాయడమంతా. ఏది కుడుతుందో ఏది కుట్టదో దానికి తెలుసు."

అప్పట్నించి ఆమెకి పనిలో చెయ్యి, తీగ మీద కన్ను. మబ్బేసిన పూట పిట్టలు ముడుచుకు కూర్చునేవి. వేట కుదరనట్టుంది, వాటిని చూసి ఆమెకే ఆకలేసేది. ఎండ రాగానే దిబ్బలో దిగి, రెక్కలు పరిచి ఇసుకస్నానం చేసేవి. ఒక్కోసారి మెడ సాచి చిన్న నల్లటి ఉండ కక్కేవి, అరగని రెక్కలూ పెంకులూ. ఏ వింత చూసినా ముందు అతనికే చెప్పాలనిపించేది. సాయంత్రం ఫోనులో చెబితే అతను నవ్వేవాడు.

"ఇక్కడ చీకటి పడే ముందు చూడాలి" అన్నాడు ఒకసారి. "కొమ్మ మీద బారుగా, ఒకదాన్నొకటి ఒత్తుకుని కూర్చుంటాయి. మధ్యలో ఆకు కూడా దూరదు. చివర ఉన్నది చలికి ఎగిరొచ్చి మధ్యలో దూరుతుంది. మళ్ళీ అందరూ జరుగుతారు. అది చూసి టెంట్లోకి వెళ్తే, మంచం... మైదానంలా ఉంటుంది."

ఆ రాత్రి ఆమె మంచానికి ఒక పక్కకి జరిగి పడుకుంది. ఖాళీ పక్క మీద చెయ్యి పెడితే, ఉతికిన దుప్పటి చల్లగా తగిలింది.

రోజులు గడిచేకొద్దీ అతని మాటలు చిన్నవయ్యాయి. రాణులెలా ఉన్నాయంటే "బాగున్నాయి". తిన్నావా అంటే "తిన్నా". గొంతు మాత్రం రోజంతా అరిచినట్టు బొంగురుపోయి ఉండేది. అడిగితే దుమ్మనేవాడు.

ఒకనాటి ఉదయం అత్తగారు తేనెపెట్టెల చట్రాలకి మైనం రేకులు అతికిస్తూ నిట్టూర్చారు. "నాలుగు పెట్టెలు అనాథలైపోయాయి. మిగతావీ పోతే ఈ ఏడు కొత్త పెట్టెలన్న మాటే లేదు. వాడు మొహం చెల్లక అక్కడే ఉండిపోతాడేమో."

ఆమె చేతిలో సీసా నిండి, పొంగి, బల్ల మీదికి కారింది. "నాలుగా? నాతో అన్నీ బాగున్నాయన్నారే!"

అత్తగారు నాలిక్కరుచుకున్నారు. "నీతో చెప్పొద్దన్నాడమ్మా. కొత్తపిల్ల, బెంగ పెట్టుకుంటుందని."

ఆమె కిటికీ దగ్గరికి వెళ్ళింది. తీగ మీద పిట్ట ఈగని రాస్తోంది. కొండి పోయేదాకా రాసి, పక్కకి జరిగి, ఆవిడ నోట్లో పెట్టింది. ఇన్నాళ్ళూ ముద్దొచ్చిన ఆ పనే ఇప్పుడు ఆమెకి కోపం తెప్పించింది. ఇదిగో, నాకూ ఇదే జరుగుతోంది. కుట్టేదంతా తను మింగి, మెత్తటి ముక్క నాకు పెడుతున్నాడు. నేను తిని, ఇంకా లేదా అని రోజూ అడుగుతున్నాను.

ఈగని మింగిన ఆడపిట్ట ఈసారి తీగ మీద కూర్చోలేదు. ఝుమ్మని ఇసుక దిబ్బ మీదికి దిగింది. అక్కడ అప్పటికే అరచేయంత లోతున ఒక బొరియ ఉంది. అందులో తల దూర్చి, ముక్కుతో పొడిచి, కాళ్ళతో ఇసుకని వెనక్కి ఎగజిమ్మింది. ఇసుక బయటికి చిమ్ముతుంటే తోక ఒక్కటే కనిపించేది. ఆవిడ అలిసి బయటికి రాగానే మగపిట్ట లోపలికి దూరింది. ఎక్కణ్ణించో వచ్చిన మూడోది కూడా వంతు కోసం గట్టున నిలబడింది.

"అత్తయ్యా, ఆ మూడోదెవరు?"

"వాటి పెద్దకొడుకో, తమ్ముడో. ఈ పిట్టల్లో ఇంటిల్లిపాదీ తలో చెయ్యీ వేస్తారు. గూడు తవ్వడానికీ, పిల్లలకి మేత తేవడానికీ."

ఆమె చేతులు కడుక్కుంది. ఈసారి ముక్కుతో కాదు, వేలితోనే నొక్కింది. అత్తగారి ఎదుటే, మేడ మీదికి పరిగెత్తకుండా.

"నాలుగు పెట్టెలు పోయాయట కదా."

"అమ్మ చెప్పిందా" అన్నాడు నీరసంగా.

"నువ్వెందుకు చెప్పలేదు? నాకు కొండి తీసి పెట్టకు. కుడితే కుట్టనీ. కన్ను వాచినా మళ్ళీ తెరుచుకుంది కదా!"

"నువ్వక్కడ, నేనిక్కడ. చెప్పి ఏం చెయ్యను?"

"ఏం జరుగుతోందో చెప్పు. మొత్తం."

అతను చెప్పాడు. మొదట తడబడుతూ, తర్వాత ఆగకుండా. పెట్టెలు చేను గట్టు పొడుగునా తూర్పు నుంచి పడమటికి ఒకటే బారు. ఈ కొసన అదిలిస్తే పిట్టలు ఆ కొసకి పోతాయి. అక్కడికి పరిగెత్తేలోగా మళ్ళీ ఇక్కడికి. సరిగ్గా ఎండ మండే వేళ రాణులు బయల్దేరతాయి. ఆ కాస్సేపట్లో అతను ఏ కొసనుంటే రెండో కొసన రాణి పోయింది. నాలుగోదాన్ని పిట్ట కళ్ళముందే పట్టుకుపోయింది. దాన్ని కూడా తీగకేసి రాసి రాసి మింగిందట. "రాణి అని దానికేం తెలుసు" అన్నాడు. "ఇంకా సగం పైగా మిగిలే ఉన్నాయి. కానీ నేనొక్కణ్ణి..."

"రెండు కొసలున్నాయన్నావు కదా. మనుషులు కూడా ఇద్దరు కావాలి."

"కూలికి ఎవరూ దొరకట్లేదు. అందరూ కోతల్లో ఉన్నారు."

"నేను కూలి మాట ఎత్తానా?"

ఆమె ఫోను చెవి నుంచి దించి అత్తగారి వైపు తిరిగింది. "అత్తయ్యా, నేను వెళ్తాను."

అత్తగారు మైనం రేకు పక్కన పెట్టారు. కోడలి మొహంకేసీ, కారిపోయిన బల్లకేసీ చూశారు. "వెళ్ళు. నువ్వు రాకముందు ఈ సీసాలు వాటంతటవే నిండేవా? నేనే నింపేదాన్ని. ఇంత తేనె ఒలకబొయ్యకుండా."

"ముసుగు టోపీ నాది తీసుకో వదినా" అంది ఆడబిడ్డ గుమ్మంలోంచి. అక్కడెప్పట్నించి వింటోందో తెలీదు. "పూర్తిగా మూసుకుంటుంది. అన్నయ్య ముద్దు పెట్టుకోవాలన్నా దారి ఉండదు."

"ఛీ, నోర్ముయ్యి!" అన్నారు అత్తగారు, నవ్వాపుకుంటూ. "ఖాళీ డబ్బాలు వాడికి చేర్చాలన్నావుగా, ఎల్లుండి వెళ్ళేదేదో రేపే వెళ్ళు. దీన్ని ఎక్కించుకో."

ఫోనులో అతను హలో, హలో అంటూనే ఉన్నాడు.

"విను" అంది ఆమె. "రేపు తెల్లారకముందే చెల్లీ నేనూ వ్యానులో బయల్దేరుతున్నాం. ఎండెక్కేలోపే అక్కడుంటాం. తూర్పు కొస నాది, పడమటి కొస నీది. చప్పట్లు ఎలా కొట్టాలో వచ్చాక చూపించు."