నేల నుంచి ముప్ఫై ఏడు అంగుళాలు

కుర్చీలో కూర్చుని వినవలసిన వస్తువును నిచ్చెన వేస్తే తప్ప అందని చోట ఎందుకు బిగిస్తారు? మా తమ్ముడు క్రీస్తురాజును ఈ ప్రశ్న నాలుగుసార్లు అడిగాను. నాలుగుసార్లూ అతడు నిచ్చెన సర్దుకున్నాడు.

క్రీస్తురాజు ముప్ఫై ఏళ్ళుగా వాకాడు చుట్టుపక్కల పెళ్ళిళ్ళకూ ప్రార్థన కూటాలకూ మైకుసెట్లు కడుతున్నాడు. నేను కళాశాల గ్రంథాలయంలో పనిచేసి ఉద్యోగ విరమణ చేశాను. రెండు స్పీకర్లు కొన్నది ఒకే ఒక్కటి వినడానికి. మా చర్చిలో ఫిడేలు వాయించిన సమాధానం గారు ఒక సాయంత్రం మా వరండాలో నలభై నిమిషాలు వాయించారు. నేను టేపు చేశాను. ఆయన పోయారు. ఆయన వాయించినది మరెక్కడా రికార్డు కాలేదు. ఆ టేపును నెల్లూరులో పెన్‌డ్రైవులోకి ఎక్కించుకున్నాను.

తొందర ఎందుకంటే, చెవి వైద్యుడు నాకొక గీతల కాగితం చూపించాడు. సన్నని పై స్వరాలు ముందు పోతాయట. ఏడాది, మహా అయితే ఏడాదిన్నర. ఫిడేలు పై తంతి ఆ పోయేవాటిలో మొదటిది.

నేను నెల్లూరు వెళ్ళి వచ్చేసరికి స్పీకర్లు ఏడున్నర అడుగుల ఎత్తున, కిటికీకి ఎదురుగా బిగించి ఉన్నాయి.

"ఇదేమిటి రాజూ?"

"వరదొచ్చినప్పుడు నీళ్ళు యాడదాకా వచ్చినాయో మర్చిపోయినావా అక్కా? గోడమీద మరక ఇంకా ఉండాది."

మరక నాలుగు అడుగుల రెండు అంగుళాల దగ్గర ఉంది. ఆ వరద తరువాత మా వీధిలో విలువైనదేదీ దాని కిందికి దిగలేదు, మనుషులు తప్ప.

"కిటికీ వైపు ఎందుకు తిప్పావు?"

"మరి పాట బయటికి పోవద్దా?"

అతడు తన జీవితంలో లోపలికి తిరిగిన స్పీకరును చూడలేదు.

మీట నొక్కాను. నాకు అందినది, రెండిళ్ళ అవతల ఎవరో తంతి గీకుతున్నట్టు ఒక శబ్దం. వీధికి మాత్రం అంతా అందింది. గేటు దగ్గర ఆగి "ఇంకొంచెం పెంచక్కా" అన్నవారు కూడా ఉన్నారు. తొమ్మిది రోజులు సమాధానం గారిని ఊరు విన్నది, నేను వినలేదు.

పదో రోజు దించమన్నాను.

"దేనిమీద పెడతావు? పుస్తకాలు బోలెడుండాయి గదా, అవి పేర్చు."

"అవి చదవడానికి."

"అన్నీ చదివేసినావు గదా."

పేము కుర్చీలో కూర్చుని చెవి ఎత్తు కొలిపించాను. నేల నుంచి ముప్ఫై ఏడు అంగుళాలు. సన్నని స్వరాలు పలికే చిన్న గుండ్రని భాగం స్పీకరు అడుగు నుంచి తొమ్మిది అంగుళాల పైన ఉంది. అది చెవికి సరిగ్గా ఎదురు రావాలి. మిగిలినవి ఇరవై ఎనిమిది. నాలుగు అంగుళాల మందమున్న సిమెంటు ఇటుకలు ఒక్కోవైపు ఏడు పేర్చాం. స్పీకరుకూ స్పీకరుకూ మధ్య ఎంత దూరమో, ఒక్కోదానికీ కుర్చీకీ అంతే దూరం ఉండేలా తాడు పట్టి చూశాను. గోడకు ఒకటిన్నర అడుగు ఎడం ఇచ్చి రెండింటినీ కుర్చీ వైపు తిప్పాను.

"పెళ్ళి పందిరికి గూడా ఇంత కొలత పెట్టలేదక్కా నేను. మళ్ళా నీళ్ళొస్తే?"

"ఎత్తి అటక మీద పెడతాను. రెండు నిమిషాల పని."

అతడు ద్వారం దగ్గర నిలబడి విని, తేడా ఏమీ లేదని చెప్పి వెళ్ళిపోయాడు. నిలబడిన మనిషి చెవి ముప్ఫై ఏడు అంగుళాల దగ్గర ఉండదు.

నేను కూర్చున్నాను. రెండు స్పీకర్ల నడుమ, ఏమీ లేని చోట, ఫిడేలు ఉంది. పై తంతికి వెళ్ళే ముందు ఆయన ఊపిరి తీసుకోవడం వినిపించింది. నలభై నిమిషాలు కదలలేదు.

మరునాడు పక్కింటి కామమ్మ వచ్చింది. ఎండుచేపల వ్యాపారం ఆమెది.

"ఏందక్కా, పెట్టె చెడిపోయిందా? పాట రాలేదే."

చెడిపోలేదని చూపించడానికి ఆమెను కుర్చీలో కూర్చోబెట్టాను. ఈ వ్యవహారం మొత్తంలో నేను చేసిన తప్పు అదొక్కటే.

కామమ్మ కాసేపు విని, స్పీకర్ల నడుమ ఖాళీ వైపు చూసి, కొంగు భుజం నిండా కప్పుకున్నది.

"సమాధానం మామ ఆడ కూర్చోనుండాడు."

"ఆయన లేరు కామమ్మా."

"తెలుసులే. ఆయన దినానికి వండింది నేనే. అయినా ఆడుండాడు."

ఇది వీధికి తెలియడానికి గంట పట్టింది. నాటి నుంచి సాయంత్రం నాలుగు గంటలకు జనం వస్తారు. క్రీస్తురాజే తీసుకువస్తాడు. "ముప్ఫై ఏడు అంగుళాలన్నా. ఒక్క అంగుళం తగ్గినా పాట చచ్చిపోతాది" అని తానే కనిపెట్టినట్టు వివరిస్తాడు. విన్నవారు తల ఊపుతారు. ఇంటికి వెళ్ళి తమ స్పీకర్లను దించినవారు ఇంతవరకు ఒక్కరూ లేరు. ఆ శబ్దం ఉండేది ఒక్క కుర్చీలోనే. అందులో వారుంటారు. శబ్దం లేని గోడ పక్కన నేనుంటాను. మొదటి నలభై ఆరు రోజుల్లో పదకొండుసార్లు కూర్చోగలిగాను.

మొన్న బుధవారం పన్నెండోసారి కూర్చున్నాను. కామమ్మ నా పక్కన నేలమీద మోకాళ్ళపై నిలిచి, చెవి నా చెవి ఎత్తుకు తెచ్చుకుని విన్నది. చివరి భాగంలో పై తంతి మీద ఒక పొడుగాటి స్వరం ఉంది. అది వచ్చే చోట కామమ్మ కళ్ళు మూసుకుని తల ఊపింది. తల ఊపడం చూశాను. స్వరం వినిపించలేదు.

"ఇన్నావా అక్కా?"

"విన్నాను" అన్నాను. ఆమెతో నేను ఆడిన అబద్ధం అదొక్కటే.

పై తంతికి వైద్యుడిచ్చిన ఏడాది నిండకముందే అది పోయింది. ఇంకా కింది స్వరాలు మిగిలి ఉన్నాయి. అవి ఎన్నాళ్ళుంటాయో వైద్యుడు రాసివ్వలేదు. ఇది చదువుతున్న మీరు మా ఇంటికి వచ్చినవారైనా, రావాలనుకుంటున్నవారైనా, మీ పెన్‌డ్రైవు తెచ్చుకోండి. సమాధానం గారిని అందులో ఎక్కించి ఇస్తాను. మీ ఇంట్లో ఇటుకలు పేర్చుకోండి. నా కుర్చీలోంచి లేవండి.