సున్నం వేసిన గోడ

సబ్బునీళ్ళలోంచి సోతో పులుసు గిన్నెలు తీసి బోర్లిస్తూ వాగియెం తల వంచుకునే ఉంది. వేళ్ళ సందులు ఒరిసిపోయి పాలిపోయాయి. మెడ కింది ఎముకలు రవికలోంచి పొడుచుకొచ్చాయి. ఇటుక బట్టీలో మొగుడు పోయినప్పటి నుంచి ఆమె బతుకు ఈ కుళాయి పక్కనే. వచ్చే కూలి మందులకీ కరెంటుకీ పోతే, అన్నానికి సర్కారు బియ్యమే దిక్కుగా ఉండేది.

వానలు మొదలైనప్పుడు ఊరి కచేరీ వాళ్ళు, ఉచిత బియ్యం తీసుకునే ప్రతి ఇంటి గోడ మీదా ఎర్ర రంగుతో ‘పేద కుటుంబం’ అని రాసి పోయారు. ఉన్నవాళ్ళు సిగ్గుపడి మానుకుంటారని వాళ్ళ ఆలోచన.

“మా గోడ మీదా రాశారు యూ,” అంది అప్పట్లో సోతో కొట్టు యజమానురాలు తుకినా, అక్కను పిలిచినట్టు పిలుస్తూ. “మోటారు సైకిలు అడ్డం పెట్టేశా. ఎవరిక్కనబడుద్ది?”

వాగియెంకు అడ్డం పెట్టడానికేమీ లేదు. చాప కడితే గాలికి లేచిపోయింది. బడిపిల్లలు ఆ అక్షరాలు కూడబలుక్కుని చదువుతుంటే లోపల తలుపేసుకుని కూర్చుంది. చివరికి కచేరీకి వెళ్ళింది.

“చెరుపుకో బూ, వద్దన్లేదు,” అన్నాడు గుమాస్తా హర్జో, అమ్మా అన్నట్టుగా. “చెరిపితే బియ్యం ఆగిపోద్ది. పైవాళ్ళ మాట, నేనేం చెయ్యను?”

“ఆపెయ్యండి.” ఆ మాట అతనికి వినబడలేదు. రెండోసారి చెప్పాల్సి వచ్చింది.

ఆ సాయంత్రమే గోడకు సున్నం కొట్టుకుంది.

“తిన్నావా యూ?” ఇవాళ తుకినా అడిగింది.

“ఇంట్లో తినే వచ్చా.”

మధ్యాహ్నం ఎవరో సగం వదిలేసిన గిన్నె ఆమె చేతికొచ్చింది. బాతులకు వేసే ఎంగిలి బకెట్లో పోయబోయి ఆగింది. గోడవైపు తిరిగి, గుప్పెడన్నం గబుక్కున నోట్లో పెట్టుకుంది. తుకినా చూసింది. పిలిచి వడ్డిస్తే అక్క తలెత్తుకోలేదనుకుని, చూడనట్టు పొయ్యిలోకి కట్టె తోసింది.

పొద్దుగూకాక కూలి ఇద్దామని తుకినా కుళాయి దగ్గరికి వెళ్తే, వాగియెం చెక్కబల్ల మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. ఒళ్ళు చల్లబడిపోయింది.

మర్నాడు ఊరి ఆడవాళ్ళంతా చావింటికి వచ్చారు. ఆనవాయితీ ప్రకారం ఎవరూ వట్టి చేతులతో రాలేదు, తలా ఇంత బియ్యం పట్టుకొచ్చారు. హర్జో పెళ్ళాం కూడా తెచ్చింది. తుకినా తన వాటా సర్కారు బియ్యమే తెచ్చి, ఎవరి మొహమూ చూడకుండా పోసింది.

అందరూ వెళ్ళిపోయాక గడప పక్కన ఒక పెద్ద తట్ట మిగిలింది, అంచుల దాకా బియ్యంతో.