పక్క సీటు

మా బావ డిక్కీలో కొత్త కాయిలోవర్లు వేసుకుని మా షెడ్డుకొచ్చిన పూట నా చేతిలో పెద్ద స్పానర్ ఉంది. దాన్ని కింద పెట్టడానికి నాకు కొంచెంసేపు పట్టింది.

"ఏం మరదలా, మొహం అలా పెట్టావు? రేపు పొద్దున్నే కొండదారిలో పందెం ఉంది. కారును బాగా కిందికి దించాలి. నీ చెయ్యి పడితేనే నాకు నమ్మకం," అన్నాడు పళ్ళన్నీ బయటపెట్టి.

సిగ్గులేనివాడికి నవ్వే సింగారం.

మా అక్క స్కూలు బస్సు డ్రైవరు. డ్రైవరుగా ఉండేది అనాలి. వేసవిలో ఒక మలుపు దగ్గర ఈ మహానుభావుడు కారును గోడకు గుద్దాడు. పక్కన కూర్చున్న అక్కకు భుజం ఎముక విరిగి స్పృహ తప్పింది. కళ్ళు తెరిచేసరికి కథ తయారైపోయింది, కారు నడిపింది అక్కేనట! అప్పటికే ఆయన లైసెన్సు ఊడటానికి సిద్ధంగా ఉంది మరి. అక్క కాదని మొత్తుకుంటే, "పాపం, తలకు దెబ్బ తగిలింది, దానికేం గుర్తులేదు" అని ఒట్టేసి, నలుగురి ముందూ కన్నీళ్ళు కూడా పెట్టుకున్నాడు. స్కూలు మేనేజరు చెడ్డవాడు కాదు. "నడిపింది నువ్వు కాదని మీ ఆయన నోటితో అనిపించమ్మా, ఆ మర్నాడే తాళాలిస్తా" అన్నాడు. ఆ నోరు ఎందుకు పెగులుతుంది? అక్క ఇప్పుడు నా గదిలోనే ఉంటోంది. పొద్దున్నే ఆ బస్సు మా వీధిలోంచి వెళ్తుంటే లేచి కిటికీ మూసేస్తుంది.

మేస్త్రి నన్ను పక్కకు పిలిచాడు. "పని పనే, పగ పగే. నీకు కష్టమైతే చెప్పు, ఇంకొకరు చూస్తారు."

"నేనే చేస్తాను," అన్నాను. ఆ కారు నా చేతిలో పడటం నాకెంత నచ్చిందో ఆయనకు చెప్పలేదు.

కాయిలోవర్ అంటే స్ప్రింగూ షాకూ ఒక్కటిగా కలిసి వచ్చే సామాను. దాని ఒంటికి మరలుంటాయి. కింది రింగు ఇటు తిప్పితే కారు దిగుతుంది, అటు తిప్పితే లేస్తుంది. కారును గుంత మీదికి తోయించి, జాకీలెత్తి, పాతవి పీకి కొత్తవి ఎక్కించాను. పై నట్లు బిగించాను. కింది బోల్టులు మాత్రం చేత్తో తిప్పి వదిలేశాను. ఇందులో మోసమేమీ లేదు, పని పద్ధతే అది. చక్రాలు గాల్లో వేలాడుతుండగా బిగిస్తే, కారు నేలకు దిగినప్పుడు లోపలి రబ్బరు మెలితిరిగి చిరిగిపోతుంది. కారును చక్రాల మీద నిలబెట్టి, బరువంతా పడ్డాక, గుంతలోకి దిగి కిందనుంచి బిగించాలి.

దిగాను. నా నెత్తి మీద అతని కారు, గుంత అంచున అతని బూట్లు. ఫోనులో ఎవరితోనో నవ్వుతున్నాడు. "దానికి డ్రైవింగ్ ఎక్కడొచ్చురా! నా మంచితనం కొద్దీ ఊరుకున్నాను."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. రెంచి పక్కన పెట్టి బోల్టును వేళ్ళతో కదిలించాను. ఇట్టే కదిలింది. ఇలాగే వదిలేస్తే రేపు కొండమలుపుల్లో ఎక్కడో ఊడుతుంది, గోడ ఎంత గట్టిగా ఉంటుందో ఈసారి తనే చూసుకుంటాడు. నిజం చెప్పొద్దూ, అది తలుచుకుంటేనే కడుపు నిండినట్టయింది.

కానీ చచ్చినవాడు నోరు విప్పడు. అక్కకు కావలసింది ఆ నోరే.

రెంచి తీసుకుని, టక్కుమనేదాకా ఒక్కో బోల్టునూ బిగించాను. పళ్ళు కొరుక్కుంటూ బిగించాను. పైకొచ్చి చేతులు తుడుచుకుంటుంటే, బ్రేకుల పనికి వచ్చిన స్కూలు బస్సు కనిపించింది. దాని అవతల బల్ల మీద మేనేజరు టీ తాగుతున్నాడు. బావ ఆయన్ని చూడలేదు.

మా షెడ్డులో ఒక కట్టుబాటుంది. సస్పెన్షన్ పని చేసినవాళ్ళే మొదటి చుట్టులో బండి ఓనరు పక్కన కూర్చోవాలి. ఇక్కడికి వచ్చేపోయే వాళ్ళందరికీ అది తెలుసు. బావ తనే తలుపు తెరిచి పట్టుకున్నాడు. "ఎక్కు మరదలా."

"నేను కూర్చోను."

అవతల గ్రైండరు ఆగిపోయింది. అందరూ ఇటు తిరిగారు.

"అదేంటి? ఏమైంది?"

"ఏమీ కాలేదు. కూర్చోనంతే."

బావ మొహంలో నెత్తురుచుక్క లేదు. "ఏ బోల్టు వదిలేశావే?"

"ఏదీ వదల్లేదు. అన్నీ బిగించాను, ఒట్టు."

అక్షరాలా నిజమే చెప్పాను. కానీ ఒట్టేసి అబద్ధమాడినవాడు ఇంకొకరి ఒట్టును నమ్ముతాడా!

"మేస్త్రీ, మీరైనా చూడండి!"

మేస్త్రి నా కళ్ళలోకి చూశాడు. ఏం కనిపించిందో ఏమో, మీసం చాటున నవ్వుకున్నాడు. "పని తనది. కూర్చోవలసిందీ తనే."

పొద్దు వాలుతోంది. మళ్ళీ అన్నీ విప్పించి చూపించుకోవడానికి ఇంకో షెడ్డు దొరికే వేళ కాదు. బావ నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "నీకేం కావాలి?"

"గోడకు గుద్దిన రోజు స్టీరింగు ఎవరి చేతిలో ఉంది? గట్టిగా చెప్పు, ఎక్కుతాను."

అటూ ఇటూ చూశాడు. కారు వంక చూశాడు. ఇక ఆగలేకపోయాడు.

"నేనే! నేనే నడిపాను! అయితే ఏంటి? ఎప్పుడో అయిపోయిన గొడవ. ఇప్పుడైనా ఎక్కుతావా?"

బస్సు అవతలినుంచి మేనేజరు లేచి వచ్చాడు. బావను పలకరించనైనా లేదు. "అమ్మాయ్, రేపు పొద్దున మీ అక్కను వచ్చి తాళాలు తీసుకోమను," అన్నాడు.

ఆ మాట విన్నాక ఏడుపొచ్చింది. అయినా మాటంటే మాటే కాబట్టి ఎక్కి, బెల్టు లాగి లాగి చూసుకున్నాను. కారు గేటు దాటింది, రోడ్డు మీది గతుకుల్లో పడి లేచింది. కిర్రుమని కూడా అనలేదు. వీధి చివర బావ బ్రేకు వేశాడు.

"అన్నీ గట్టిగానే ఉన్నాయి," అన్నాడు పీలగా.

"చెప్పాను కదా."

"మరి కూర్చోనని ఎందుకన్నావే?"

నేను బెల్టు విప్పుకుని తలుపు తీశాను.

"నడిపేది నువ్వు కదా బావా."