మూడు వారాల కిందటి సీసా

మరదలు పంపిన గోతంలో పదిహేడు సీసాలున్నాయి. "అటక మీద పడున్న పాతవి వదినా, మీకైనా పనికొస్తాయని," అంది ఫోన్లో.

ఆమె వాటిని టబ్బులో గోరువెచ్చని నీళ్ళలో నానేసింది. ఏడాదిగా ఇదే పని. లేబులు తీయడం, కటరుతో సీసా నడుం చుట్టూ గీత గీయడం, గీత మీద వేణ్ణీళ్ళు, వెంటనే చన్నీళ్ళు. టప్పుమని రెండవుతుంది. అంచు గరుకు కాగితంతో రుద్ది, రంగులతో ఆకులూ పువ్వులూ వేసి, ఓవెన్లో కాలిస్తే గ్లాసు తయారు. వీధిలో అందరికీ ఆమె గ్లాసులక్క. భర్త పోయినప్పుడు ఏడుపు రాలేదు. చేతులు మాత్రం ఊరికే ఉండలేకపోయాయి.

ఆ రోజు కారు నడిపింది ఆమె తమ్ముడే, ఈ మరదలి మొగుడు. తాగి నడిపాడు. పక్క సీట్లో ఉన్న ఆయన అక్కడికక్కడే పోయాడు. తమ్ముడికి గోరంత గీరు కూడా పడలేదు, లైసెన్సు పోయిందంతే. ఇప్పుడు స్కూలు బస్సు ఉద్యోగం చేతికందింది. పోయినవాళ్ళ ఇంటివాళ్ళు అభ్యంతరం లేదని రాసిస్తే లైసెన్సు తిరిగిస్తారట. మందు మానేశానని పిల్లల మీద ఒట్టేశాడు. పదకొండింటికి సంతకం కోసం వస్తానన్నాడు, పెడతానంది. ఎందుకు పెట్టకూడదో ఆమెకి తట్టలేదు.

ఒక లేబులు చిరగకుండా ఊడొచ్చి అరచేతికి అతుక్కుంది. మందు నింపిన తేదీ అచ్చేసి ఉంది. మూడు వారాల కిందటిది.

మిగతావీ తీసి చూసింది. ఒక్కటైనా రెండు నెలలు దాటలేదు.

మరదలు లెక్కల టీచరు. తేదీలు చదవడం రాని మనిషి కాదు. చెత్తలో పడేయాల్సినవాటిని మూటగట్టి మరీ ఇక్కడికి పంపింది. ప్రతి లేబులూ ఈ చేతుల్లోనే ఊడుతుందని ఆవిడకి తెలుసు.

కోపం రాలేదు. లేబుళ్ళు పాత పేపరు మీద ఆరేసి, ఇంకో సీసా కోసింది. అంచు తగిలి వేలు తెగింది. నీళ్ళు ఎర్రబడుతుంటే ఎవరిదో వేలన్నట్టు చూసి, గుడ్డ చుట్టుకుంది.

"ఏంటక్కా, ఫ్యాక్టరీ జోరుగా నడుస్తోందే!" తమ్ముడు నవ్వుతూ వచ్చాడు. "నీ గ్లాసు రంగు నాలిక్కి అంటుకుందని మా పెద్దాడు ఒకటే గోల."

"రంగు బయటే వేస్తాను. వాడు గ్లాసు నాకాడేమో."

"నాకుతాడు, వాడు నా కొడుకు మరి!" కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. "ఇక్కడ ఓ గీకు గీకెయ్. సోమవారం బస్సెక్కాలి."

"ఎంతమంది పిల్లలు?"

"నలభై రెండు."

ఆమె లేబుళ్ళు ఆరేసిన పేపరు వాడి వైపు జరిపింది. "ఈ తేదీలు చూడరా. అన్నీ ఈమధ్యవే."

"అన్నీ నేనే తాగానా ఏంటి? అయిదో ఆరో నావి. మిగతావి ఫ్రెండ్సొచ్చినప్పుడు..."

"నీవని నేననలేదు. సగం వీధి నాకు సీసాలు పంపుతుంది."

వాడి మొహంలో నెత్తురు లేదు. "అది పంపిందా?"

"ఏది?"

వాడు బతిమాలాడు. ఇదే ఆఖరన్నాడు. ఆఖరికి అరిచాడు. "బావ పోతే ఒక్క చుక్క కన్నీళ్ళు పెట్టుకోలేదు నువ్వు! ఇప్పుడు పుట్టుకొచ్చిందా ప్రేమ?"

ఆ మాట గుచ్చుకుంటుందేమోనని ఆమె కాసేపు చూసింది. ఏమీ కాలేదు. పెన్ను తీసి కాగితం మీద 'అభ్యంతరం లేదు' అన్నచోట 'లేదు' కొట్టేసి 'ఉంది' అని రాసి, కింద సంతకం పెట్టింది. వాడు లాక్కుని ముక్కలు చేశాడు.

"పర్లేదు. ఆఫీసుకెళ్ళి అక్కడే ఇంకోటి రాసిస్తాను."

తలుపు దడాలున మూసుకుంది. ఆమె మరదలికి ఫోన్ చేసింది.

"సీసాలు సగం వీధి పంపుతుందన్నాను, నీ పేరు చెప్పలేదు. నువ్వూ అంతే అను. గొడవ చేస్తే పిల్లల్ని తీసుకుని ఇక్కడికొచ్చెయ్."

అవతల స్కూలు గంట మోగింది.

"తిన్నారా వదినా?"

"లేదు."

"నేనూ తినలేదు."

ఇద్దరిలో ఎవరూ ఫోను పెట్టేయలేదు.