పెట్టె ఎక్కడుంది

"శశీ, ఎక్కడుందీ?"

మా ఇంట్లో తెల్లారేది ఈ మాటతోనే. ఏది అని నేనడగను. పన్నెండేళ్ల కాపురంలో ఫణి గొంతుని బట్టే తెలిసిపోతుంది. పొట్టిగా పిలిస్తే ఫోన్ చార్జర్, సాగదీస్తే సాక్సు, చివర్లో విసుగు కలిస్తే వీసా కాగితాల ఫైలు. ఆ శనివారం పెనం మీద దోసె ఉండగా వచ్చిన పిలుపులో విసుగూ హడావిడీ రెండూ ఉన్నాయి. ఏటి నీళ్ల కమిటీ మీటింగు ఫోల్డరన్నమాట. షూ ర్యాక్ మీద ఉందని చెప్పి దోసె తిరగేశాను.

మా కాలనీ హెచ్‌ఓఏకి, అంటే ఇళ్లవాళ్ల సంఘానికి, ఆయన ప్రెసిడెంట్. ఫ్రిస్కోలో మా ఇళ్లకి నీళ్లొచ్చే రిజర్వాయర్ నుంచే కింద ఏటికి కూడా నీళ్లు వదులుతారు. వానలు తగ్గాయి కదా, ఎండాకాలం ఎవరి వాటా ఎంత తగ్గించాలో పైనుంచి కింద దాకా అందరినీ కూర్చోబెట్టి అడుగుదామని ఆ కమిటీ పెట్టారు. మంచి పనే. రెండు నెలల క్రితం ఇంటింటికీ ఒక సర్వే కూడా పంపారు. లాన్‌కి ఎన్ని నిమిషాలు నీళ్లు పెడతారు అని. ఫణి సోఫాలో కూర్చుని, క్రికెట్ చూస్తూ "పది" అని కొట్టి పంపేశారు. పది అన్నది సిటీ వాళ్లు ఉత్తరంలో రాసిన రూలు. మా గరాజ్ గోడ మీద, లాన్‌కి నీళ్లు చల్లే స్ప్రింక్లర్ల టైమర్ పెట్టెలో ఉన్నది ఎనిమిది. ఎందుకంటే ప్రతి వసంతంలో లాన్ కంపెనీ మనిషి వచ్చి ఇరవై అయిదు పెట్టి పోతాడు, నేను తగ్గిస్తాను. ఆ పెట్టె మూత తీయడం మా ఇంట్లో నాకొక్కదానికే వచ్చు.

దోసె ప్లేట్లో వేసేలోపు ఆఫీసు నుంచి ఆయనకి ఫోన్. ఏదో సర్వర్ పడిపోయిందట. "శశీ, నువ్వెళ్లి కూర్చో. నోట్స్ రాసుకో చాలు. ఏం మాట్లాడకు, మన కాలనీ పరువు పోతుంది" అన్నారు. వీడియో కాల్‌లో ఉన్న అత్తగారు, "మగాళ్ల మీటింగులో దీనికేం పనిరా, పోయి సమోసాలు పంచాలా?" అని నవ్వారు. నిజం చెప్పొద్దూ, పోయిన మీటింగుకి సమోసాలు వేయించి డబ్బాలో పెట్టిచ్చింది నేనే. అవి ఎవరు చేశారో అక్కడెవరూ అడగలేదట.

లైబ్రరీ వెనక గదిలో మీటింగు. ముందు వరసలో సిటీ వాళ్లు, గోల్ఫ్ కోర్సు మేనేజర్, మాలాంటి కాలనీల వాళ్లు. ఏటికి కింద, చిట్టచివర ఉన్న వాళ్లు గదిలోనూ చిట్టచివరే. నా కుర్చీ ముందు ఫణి పేరున్న అట్టముక్క. దాని వెనక నేను. కమిటీ నడిపే మార్తా తెర మీద లెక్క చూపించింది. సర్వే ప్రకారం ఇళ్లవాళ్లు ఇప్పటికే పది నిమిషాలకి తగ్గించుకున్నారు, ఇంక తగ్గించడానికేం లేదు. కాబట్టి జులై, ఆగస్టుల్లో ఏటికి వదిలే నీళ్లు సగం చేద్దాం. "ఇళ్ల మీటర్లు మాత్రం ఎక్కువ చూపిస్తున్నాయి. ఎందుకో అర్థం కాలేదు" అని కూడా అంది. వెనక వరసలోంచి డోరీన్ అనే పెద్దావిడ లేచింది. డెబ్బై ఏళ్లుంటాయి, ఏటి కింద నలభై ఆవులున్నాయట. అరవలేదు, ఏడవలేదు. "సగం చేస్తే నా ఆవులమ్మేస్తాను. ఎప్పటిలోపల అమ్మాలో చెప్పండి" అని కూర్చుంది.

మీటర్లు ఎందుకు ఎక్కువ చూపిస్తున్నాయో నాకు తెలుసు. రోజూ పొద్దున ఎదురింటి హాసినీ నేనూ వాకింగ్‌కి పోయినప్పుడు ఏ ఇంటి ముందు పేవ్‌మెంట్ కాలువలా పారుతుందో, ఏ ఇంటి స్ప్రింక్లర్ విరిగి రోడ్డుకి స్నానం చేయిస్తుందో నంబర్లతో సహా చెప్పగలను. లాన్ కంపెనీ పెట్టిన ఇరవై అయిదుని ఎవరూ ముట్టుకోలేదు. ముట్టుకోని వాళ్లే పది అని రాశారు. అందరి దగ్గరా అభిప్రాయాలు తీసుకున్నామని మార్తా మురిసిపోతోంది గానీ, అడగాల్సిన వాళ్లని అడగలేదు. చెప్పాలా? ఏం మాట్లాడకన్నారు కదా. చేతిలో పెన్ను తిప్పుతుంటే మా అమ్మ గుర్తొచ్చింది. కాలువ చివరి ఊరు మాది. నీటి సంఘం పుస్తకంలో పేరు నాన్నది, తూము దగ్గర పార పట్టుకుని నిలబడేది అమ్మ. ఒకసారి ఆఫీసరొచ్చి నీళ్లెన్ని గంటలొస్తున్నాయంటే, మంచాల మీద కూర్చున్న మగాళ్లంతా ఆయన మనసు నొప్పించకుండా "ఎనిమిది సార్" అన్నారు. అమ్మ వెనకనుంచి, "మూడు సారూ. తూము కాడ నిలబడ్డదాన్ని చెప్తున్న" అంది. నాన్న వారం రోజులు ఆమెతో మాట్లాడలేదు. నీళ్లు మాత్రం ఆ వారమే పెరిగాయి. ఆవిడదే ఇంకో మాట, కింది చేను తడిశాకే పై చేనువాడికి ముద్ద దిగాలని.

చెయ్యెత్తాను. మార్తా అట్టముక్క వైపు చూసి, నా వైపు చూసి, "మీరెవరి తరఫున?" అంది.

"దీని మీద పేరున్నాయన తరఫున కాదు. మా గరాజ్‌లో ఉన్న పెట్టె తరఫున" అన్నాను.

గదంతా నవ్వింది. మా ఊరి యాసలో ఇంగ్లీషు ముక్కలు పేర్చుకుంటూ ఇరవై అయిదు సంగతి, పది సంగతి, పేవ్‌మెంట్ల సంగతి చెప్పాను. "రాసిన వాళ్లు అబద్ధమాడలేదు. తెలియక రాశారు. ఆ పెట్టె ఎక్కడుందో కూడా వాళ్లకి తెలియదు." గోల్ఫ్ కోర్సు ఆయన తలొంచుకుని ఫోన్ చూసుకున్నాడు, ఇంటికి మెసేజ్ పెట్టుకుంటున్నట్టుంది. మార్తా నవ్వలేదు. పెన్ను తీసి, "మళ్లీ సర్వే చేస్తే ఏం అడగమంటారు?" అంది. చెప్పాను. మళ్లీ సర్వే అయ్యేదాకా ఏటి వాటా తగ్గించేది లేదని అప్పటికప్పుడు రాసుకున్నారు. పోయేటప్పుడు డోరీన్ నా భుజం మీద చెయ్యేసి, "మా ఏరు ఎప్పుడైనా చూశావా? రా ఒకసారి" అంది. ఏడేళ్లుగా ఇక్కడున్నా ఆ ఏటి పేరు వినడమే తప్ప నీళ్లు చూడలేదు నేను.

ఇంటికొచ్చి జరిగింది చెబితే ఫణి, "నా పేరున్న కార్డు వెనక కూర్చుని నా సర్వే తప్పంటావా?" అన్నారు.

"తప్పే కదండీ?"

గరాజ్ తలుపు వైపు ఓసారి చూశారు. లాప్‌టాప్ పట్టుకుని లోపలికి పోయారు. మధ్యాహ్నం మా అమ్మాయి అవని, "అమ్మా, యూ స్పోక్ ఇన్ ద మీటింగ్? నాన్న చెప్పాడు" అని మెడ చుట్టూ చేతులేసింది. అంటే చెప్పుకున్నారన్నమాట! చెప్పుకున్నారంటే అలక సగం తీరినట్టే.

మరుసటి శనివారం పొద్దునే కొత్త సర్వే వచ్చింది, ఇంటింటికీ. మొదటి ప్రశ్న నాదే. 'మీ స్ప్రింక్లర్ పెట్టె ఎక్కడుంది? దాని దగ్గరికి వెళ్లి, ఇప్పుడెన్ని నిమిషాలుందో చూసి రాయండి.' నేను కాఫీ కలుపుకుని ముందు గుమ్మంలో కుర్చీ వేసుకున్నాను. మా వీధి అందం ఆ పొద్దున చూడాలి. ఒక్కొక్క గరాజ్ తలుపే పైకి లేస్తోంది. లోపల పైజామాల్లో మొగుళ్లు, లాప్‌టాప్ ఒక చేతిలో పట్టుకుని గోడలకేసి చూస్తూ గుండ్రంగా తిరుగుతున్నారు. ఎదురింట్లో హాసిని మొగుడు రాజీవ్ సైకిళ్లన్నీ బయట పెట్టేశాడు. పైన కిటికీలోంచి హాసిని మెసేజ్ పెట్టింది, "అక్కా, ఫ్రిజ్ వెనక వెతుకుతున్నాడు. చెప్పనా వద్దా?" వద్దన్నాను. కాఫీ ఇంకా వేడిగానే ఉంది.

అప్పుడు మా గరాజ్‌లోంచి వినిపించింది. పొట్టిగా లేదు, సాగదీతగా లేదు, విసుగు అసలే లేదు. ఇన్నేళ్లలో నేను వినని గొంతు.

"శశీ... ఎక్కడుందీ?"

"ఏడేళ్లుగా ఉన్నచోటే ఉందండీ" అన్నాను, కుర్చీలోంచి లేవకుండా.